నురుగు కాని సముద్రపు నురుగు

చిలుకలను పెంచువారి యిండ్లలో పంజరపు ఊచల నడుమ ఒక తెల్లని పలక దోపి యుండుటను మీలో పలువురు చూచియే యుందురు. అది అరచేతి పొడవున కోలగా నుండును. ఒకవైపు గట్టిగను, మరియొకవైపు గోటితో గీచిన పొడి రాలునంత మెత్తగను ఉండును. చిలుక దానిని కొరికి ముక్కును అరగదీసికొనును; దేహమునకు కావలసిన సున్నమును దానినుండియే పొందును. మందు దినుసులమ్ము పచారి కొట్టునకు పోయి "సముద్రపు నురుగు" ఇమ్మని అడిగినచో కొట్టువాడు పొట్లము కట్టి ఇచ్చునదియు ఈ పలకయే. సంస్కృత వైద్యగ్రంథములలో దీని పేరు సముద్రఫేనము. కాని ఇది నురుగు కాదు. సముద్రములో జీవించు ఒక జంతువు వీపులోని గట్టిభాగము. ఆ జంతువును ఇంగ్లీషువారు కటిల్‌ఫిష్ అందురు. ఫిష్ అనగా చేప. అది చేపయు కాదు. జంతువు పేరొక అబద్ధము, దాని యెముక పేరు మరియొక అబద్ధము.

ఇట్టి అబద్ధములు నిష్కారణముగ పుట్టినవి కావు. ఏ దేశపు ప్రజల చేతికి ఈ జంతువులోని ఏ భాగము మొదట చిక్కినదో, ఆ భాగమును పట్టియే వారు పేరు పెట్టిరి. ఒకరికి తిత్తి చిక్కినది, ఒకరికి సిరా చిక్కినది, మనకు ఎముక చిక్కినది. ఆ పేర్ల చరిత్రయే నేటి ప్రసంగ విషయము.

ముందుగా జంతువును గూర్చి నాలుగు మాటలు. నత్త, ఆలిచిప్ప, శంఖము ఏ కుదురునకు చెందినవో ఇదియు ఆ కుదురునకే చెందినది. అయితే నత్తకు గుల్ల వెలుపల నుండగా దీనికి గుల్ల చర్మము లోపలికి పోయి వీపునందు పలకయై నిలిచినది. తలచుట్టును ఎనిమిది పొట్టి కరములు, వానికి తోడు ఎరను పట్టుటకై రివ్వున చాచి మరల ముడుచుకొనగల రెండు పొడవైన కరములు కలవు. గుండెలు మూడు. నెత్తురు నీలిరంగు, మన రక్తములో ఇనుము చేయు పనిని దీని రక్తములో రాగి చేయును. కనుపాప ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరము వలె వంకరలు తిరిగి యుండును. ఒడలిరంగును కన్నుమూసి తెరచునంతలో మార్చుకొనగలదు. శత్రువు తరిమినపుడు గొట్టమువంటి అవయవముద్వారా నీటిని బలముగా చిమ్మి వెనుకకు దూసుకొని పోవును. అవసరమైనచో అదే గొట్టముగుండా నల్లని సిరాను వదలి ఆ మరుగున తప్పించుకొనును. ఇంతటి వింత జంతువు జీవించునది ఒకటి రెండేండ్లు మాత్రమే.

ఇక ఇంగ్లీషు పేరు సంగతి. కటిల్ అను మాట వినగానే ఇంగ్లీషు కొంచెము వచ్చినవారికి కత్తులు జ్ఞాపకమునకు వచ్చును. కట్ అనగా కోయుట, కట్లరీ అనగా భోజనపు బల్లమీది కత్తులు మొదలగునవి. పైగా దీని యెముక అంచులు పలుచనై, కత్తి అలుగు వలెనే కనిపించును. కావున కత్తివంటి ఎముక గల చేప గనుక కత్తిచేప అయినదని ఇంగ్లీషువారిలోనే చాలమంది తలంచుచుందురు. వినుటకు ఎంతయో సమంజసముగా నున్నది. కాని భాషాచరిత్ర దీనిని అంగీకరింపదు. కట్లరీ అనుమాట చిన్న కత్తి యను అర్థముగల లాటిన్ పదమునుండి ఫ్రెంచిద్వారా వచ్చినది. మన ఫలహారశాలలలో దొరకు కట్లెట్ అనునది మరియొక దారిన, పక్కటెముక అను మాటనుండి వచ్చినది. కటిల్‌ఫిష్‌లోని కటిల్ ఈ రెండింటికిని చుట్టము కాదు.

దాని అసలు రూపము కుడెలె. వేయి సంవత్సరముల క్రిందట ఇంగ్లండులో మఠవాసులు లాటిన్ మాటలకు దేశభాషలో అర్థములు వ్రాసికొన్న పదపట్టికలు కొన్ని నిలిచియున్నవి. వానిలో సేపియా అను లాటిన్ మాటకు ఎదురుగా కుడెలె అని కనబడుచున్నది. ప్రక్కనే బురద చిమ్మునది అను అర్థమిచ్చు మరియొక దేశి పేరును గలదు. ఆ రెండవ పేరు కాలగర్భమున కలిసిపోయినది; మొదటిది నిలిచినది. కుడెలె అనునది సంచి, తిత్తి అను అర్థముగల ప్రాచీన జర్మానిక మాటల కుటుంబమునకు చెందినది. నార్వే ఐస్లాండుల ప్రాచీన భాషలో కొడ్డి అనగా దిండు. ప్రాచీనాంగ్లములో కొడ్ అనగా సంచి. బఠాణీకాయ పైతొడుగునకు ఇంగ్లీషులో నేటికిని నిలిచియున్న పీస్‌కాడ్ అను పాతమాటలో ఉన్నది ఆ కొడ్డే. కావున కటిల్ అనగా తిత్తి. చాలకాలము ఆ మాట ఒంటిగానే వాడుకలో నుండెను. ఫిష్ అను తోక దానికి తగిలినది 16వ శతాబ్దమునందు. అప్పటికి కటిల్ అనగా తిత్తియను స్ఫురణ జనులలో నశించినది. ఇది ఏదో నీటిప్రాణి యని తెలియుటకు ఒక ఆనవాలు కావలసి వచ్చినది.

ఇక్కడ ఒక తమాషా జరిగినది. అదే 16వ శతాబ్దములో లండను నగరపు జేబుదొంగల రహస్యభాషలో కటిల్ అను వేరొక మాట ఉండెను. అది ఫ్రెంచి కత్తిమాటనుండి వచ్చినది. ఆ కాలమువారు డబ్బుసంచిని నడుమునకు వ్రేలాడగట్టుకొనెడివారు. దొంగలు ఆ సంచిని కోయుటకు వాడు కత్తికి కటిల్ అని పేరు. రాబర్టు గ్రీన్ అను రచయిత దొంగల మోసములను బయటపెట్టుచు వ్రాసిన చిన్న పుస్తకములలో ఈ దొంగమాటలను వివరించినాడు. చూడుడు: ఒక కటిల్ అనగా సంచి, ఇంకొక కటిల్ అనగా ఆ సంచిని కోయు కత్తి. రెండును ఒకే ఊరిలో, ఒకే కాలములో, ఒకే ఉచ్చారణతో తిరిగినవి. పిమ్మట కత్తి యను అర్థము వాడుకనుండి తొలగినను, దాని నీడ చేపపేరుపై పడి నేటికిని వదలలేదు.

తిత్తి అనగా ఏ తిత్తి? నిఘంటుకర్తలు సాధారణముగా దీనిని సిరాతిత్తి యని చెప్పుదురు. ఆ జంతువు కడుపులో సిరా నిండిన చిన్న సంచి యున్నమాట నిజమే. అయినను నాకు వేరొక విధముగా తోచుచున్నది. వలలోనుండి తీసి పడవలో పడవైచిన కటిల్‌ఫిష్‌ను చూచినవానికి మొదట కనిపించునది దాని దేహమే. అది మూతిదగ్గర వదులుగా తెరచియున్న మెత్తని సంచివలె నుండును. నీటిలో ఆ సంచి ఉబ్బుచు కుదియుచు, మన కమ్మరికొలిమి తిత్తి గాలిని చిమ్మినట్లే నీటిని చిమ్మును. జాలరికి కడుపు కోసి లోపలి సిరాసంచిని చూడవలసిన పనిలేకయే ఈ పేరు స్ఫురించును. ఈ అభిప్రాయమునకు నాకు బలము చేకూర్చునది ఇంగ్లండునకు వేలకొలది మైళ్ల దూరమున చీనాదేశములో దొరకిన ఒక కథ.

చీనాదేశమును మొట్టమొదట ఏకచ్ఛత్రము క్రిందికి తెచ్చిన చక్రవర్తి చిన్ షి హ్వాంగ్. క్రీస్తుపూర్వము 221లో చక్రవర్తి యయ్యెను, 210లో మరణించెను. ఈ నడుమ ఆయన పలుమారులు తూర్పు సముద్రతీరమునకు యాత్ర చేసెను. అట్టి యాత్రలో ఆయన తన లెక్కల సంచిని సముద్రములో పారవైచెననియు, అది ఈ జంతువుగా మారెననియు చీనావారి కథ. దీనిని 9వ శతాబ్దములో, తాంగ్ వంశపు కాలమున, దువాన్ చెంగ్‌షి అను పండితుడు తన వింతవిషయముల సంకలనమగు యోయాంగ్ జాజు అను గ్రంథమున నమోదుచేసెను. లెక్కల సంచి యనగా నాటి ఉద్యోగులు నడుమునకు తగిలించుకొను తిత్తి. అందు లెక్కపుల్లలు, కుంచె, సిరా ఉంచుకొనెడివారు. మన పల్లెలలో కరణముగారి దస్త్రపు సంచివంటి దనుకొనుడు. జంతువు దేహము సంచియైనది. దాని రెండు పొడవైన కరములు సంచికి కట్టిన రెండు పొడవైన పట్టీలైనవి. లోపల సిరా ఉండనే యున్నది. పోలిక ఎంత చక్కగా కుదిరినదో చూడుడు. ఉత్తర సముద్రపు జాలరియు, తూర్పు సముద్రపు జాలరియు ఒకరి ముఖమొకరు ఎరుగరు. అయినను ఇద్దరికిని కనిపించినది సంచియే.

చీనావారు దీనిని పిలుచు పేరు మాత్రము సంచి కాదు. వూజేయ్ అందురు. ఆ మాటను వ్రాయు రెండక్షరములకు అర్థము కాకిదొంగ యని. దీనికి వారు చెప్పుకొను కథ యిది. ఈ జంతువు చచ్చినదానివలె నీటిపై తేలుచుండును. ఆశపడిన కాకి వచ్చి పొడువబోవును. తటాలున ఇది కరములతో కాకిని చుట్టివేసి నీటిలోనికి లాగుకొని పోయి తినివేయును. 1596లో ముద్రితమైన లీ షిజెన్ మహావైద్యగ్రంథమునందు కూడ ఈ పూర్వకథ చేర్చబడియున్నది. మొదటి అక్షరమునకు కాకి యను అర్థమే గాక నలుపు అను అర్థమును కలదు. నలుపే ముందు పుట్టి, కాకి తరువాత వచ్చి దానిపై వ్రాలియుండునని నా అనుమానము. పేరునకు అర్థము తెలియనిచోట కథ పుట్టుట సర్వత్ర ఉన్నదే. జపానువారు దీనిని ఈకా అందురు. కాని వ్రాయునపుడు చీనావారి కాకిదొంగ అక్షరములనే వాడుకొనిరి. చీనాలో సాధారణ జనుల నోట దీనికి మొయూ అను మరియొక పేరును కలదు. దాని అర్థము సిరాచేప.

ఈ సిరాను గూర్చియే దువాన్ చెంగ్‌షి ఇంకొక సంగతి వ్రాసినాడు. కొందరు మోసగాండ్రు ఈ సిరాతో అప్పుపత్రములు వ్రాసియిచ్చి ఇతరుల సొమ్ము కాజేయుదురట. వ్రాసినపుడు సన్నని సిరాతో వ్రాసినట్లే యుండును. ఏడాది గడచినంతనే అక్షరములు మాయమై వట్టి కాగితము మిగులునట. దీనిలో నిజమెంత? సిరా కాగితమును పట్టుకొని యుండుటకు జిగురు అవసరము; చీనావారు దీపపుమసిలో జిగురు కలిపి సిరాకణికలు చేసెడిది అందుకే. జిగురు లేని పచ్చిసిరాతో వ్రాసిన వ్రాత పొడియై రాలిపోవుట ఆశ్చర్యము కాదు. సరిగ్గా ఏడాది యను గడువు మాత్రము కథకుని చమత్కారము కావచ్చును. ఏమైనను దొంగ యను పేరు ఈ జంతువునకు కాకి విషయమున తగినను తగకున్నను, దాని సిరాతో పత్రము వ్రాసినవారికి బాగుగా తగును.

సిరాను పట్టి పేరు పెట్టినవారు యూరపులోను పెక్కురు. జర్మనులు టింటెన్‌ఫిష్ అనిరి, హాలండువారు ఇంక్ట్‌విస్ అనిరి, స్వీడనువారు బ్లెక్‌ఫిస్క్ అనిరి; మూడింటికిని అర్థము సిరాచేపయే. డేనిష్ భాషలో సిరాచిమ్మునది అని మరికొంత స్పష్టముగా అందురు. అయితే ఈ భాషలలో కటిల్‌ఫిష్‌నకు, దాని దాయాదులైన స్క్విడ్, ఆక్టోపస్‌లకు ఈ పేరే ఉమ్మడిగా వాడుదురు. సిరా నొకదానినే చూచినవారికి మిగిలిన భేదములు కనబడలేదు కాబోలు.

మధ్యధరాసముద్రతీరమున గ్రీకులు దీనిని సేపియా అనిరి. కుళ్లుట యను క్రియనుండి ఈ పేరు పుట్టినదని కొందరు పండితుల ఊహ. నేడు ఇంటింట వినబడు సెప్టిక్ అను మాట ఆ క్రియనుండి వచ్చినదే. కాని ఈ వ్యుత్పత్తి నిశ్చయముగ అంగీకరింపబడినది కాదు. క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున అరిస్టాటిల్ ఈ జంతువును స్వయముగా పరిశీలించినవానివలె వ్రాసెను. మెత్తని దేహముగల సముద్రప్రాణులలో దీనిని మించిన జిత్తులమారి లేదని ఆయన అభిప్రాయము. తక్కినవి భయపడినపుడు సిరా వదలును గాని, ఇది దాగుటకై బుద్ధిపూర్వకముగ వదలునని ఆయన అనెను. రోమనులు గ్రీకుమాటనే తీసికొనిరి. క్రీస్తుశకము 1వ శతాబ్దమున పర్సియస్ అను వ్యంగ్యకవి సేపియా అను మాటను జంతువునకు గాక వ్రాతసిరాకే వాడినాడు. నాటికే జంతువుపేరు సిరాపేరుగా మారినదన్న మాట.

స్క్విడ్‌నకు ఇటలీవారి పేరు కలమారి. ఇది రెల్లుకలము పేరునుండి వచ్చినది. దాని దేహములో సిరా ఉన్నది, పాళీవంటి సన్నని పారదర్శకపు ముల్లు ఉన్నది. వ్రాతసామాను పెట్టెకు ఇంతకంటె ఏమి కావలెను? కలమున్న గ్రీకుమాట కలమోస్. ఆ కలమోస్ అరబ్బులకు కలమై, పారసీకము ఉర్దూలద్వారా మనకును కలమై వచ్చినది. ఫలహారశాలలో కలమారి తెప్పించుకొను తెలుగువాడు తన జేబులోని కలము పేరునే పలుకుచున్నాడు.

సేపియా సిరాకు మహర్దశ పట్టినది 18వ శతాబ్దము చివరిభాగమున. జర్మనీలోని డ్రెస్డెన్ నగరమున జైడెల్‌మాన్ అను చిత్రకారాచార్యుడు ఎండిన సిరాతిత్తులనుండి చిక్కని రంగును తీయు పద్ధతిని పెంపొందించెను. తిత్తులను క్షారజలములో కరిగించి, ఆ రంగును ఆమ్లముతో మరల విడగొట్టుదురు. నలుపునకును గోధుమవన్నెకును నడుమనుండు ఆ ఛాయ చిత్రకారుల మనస్సులను దోచినది. డ్రెస్డెన్‌లోనే నివసించిన కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ సేపియా చిత్రములతోనే 1805లో మహాకవి గోథే వైమార్‌లో నడిపిన పోటీలో బహుమానము పొందెను. ఆ తరమున సేపియా చిత్రకారుల బల్లలపై సర్వసామాన్య మయ్యెను. కుంచెను నోటితో తడుపుకొను అలవాటుగల ఒక చిత్రకారుని అస్వస్థతను చూచి, హోమియోపతి స్థాపకుడగు హానిమన్ ఈ సిరాను మందుగా చేర్చెనని ఆ వైద్యులలో ఒక కథ వ్యాప్తిలో నున్నది. మన ఊళ్లలో హోమియో డాక్టరుగారి మందులపెట్టెలో సెపియా అని చీటియంటించిన సీసా ఈ జంతువుపేరనే యున్నది.

మన పెద్దల పాత ఫోటోల గోధుమరంగునకు కూడ సేపియా అని పేరు. అందు కటిల్‌ఫిష్ సిరా చుక్కయైనను లేదు. ఫోటో చిరకాలము నిలుచుటకై దానిలోని వెండిని గంధకముతో చేర్చి రజత గంధకిదముగా మార్చుదురు. ఆ మార్పువలన గోధుమవన్నె కలుగును. రంగు పోలినది గనుక పేరు వచ్చి చేరినది.

అన్నిటికంటె వింతయైనది ఇంగ్లండు దక్షిణతీరమున లైమ్ రీజిస్ అను ఊరిలో జరిగినది. శిలాజములను త్రవ్వి అమ్ముకొని జీవించిన మేరీ ఆనింగ్ అను పేదయింటి యువతికి 1826లో ఒక ప్రాచీనజీవి శిలాజమున ఎండిన సిరాతిత్తి కనబడెను. ఆమె మిత్రురాలు ఎలిజబెత్ ఫిల్పాట్ ఆ సిరాను నీటితో నూరి, అదే తీరమున దొరకిన బ్రహ్మాండమైన సముద్రసరీసృపముల శిలాజములను దానితోనే చిత్రించెను. 1833లో ఆమె వ్రాసిన ఒక లేఖలో అట్టి చిత్రము నేటికిని భద్రముగ నున్నది. కోట్ల సంవత్సరముల క్రిందట ఏ సముద్రమున ఆ సరీసృపము ఈదెనో, ఆ సముద్రములోని సిరాతోనే దాని బొమ్మ వ్రాయబడినది. ఇంగ్లండులోనే దొరకిన, 16 కోట్ల సంవత్సరముల నాటి మరియొక సిరాను రసాయనశాస్త్రజ్ఞులు పరీక్షించి, దాని వర్ణద్రవ్యము నేటి కటిల్‌ఫిష్ సిరాలోని దానితో సరిపోవుచున్నదని 2012లో ప్రకటించిరి. ఏడాదిలో మాయమగు సిరాయని చీనా పండితుడు వ్రాసినది ఈ సిరా కుటుంబమును గూర్చియే.

ఇక మన నురుగునకు వత్తము. సంస్కృతములో దీనికి ఫేనము, డిండీరము, అబ్ధికఫము అని పేర్లను అమరసింహుడు చెప్పినాడు. డిండీరము తెలుగు కావ్యపాఠకులకు క్రొత్త మాట కాదు; తెల్లని కీర్తిని వర్ణింపవలసి వచ్చినపుడు చంద్రికతోను కర్పూరముతోను దీనిని జతచేయుట కవుల సంప్రదాయము. అబ్ధికఫ మనగా సముద్రపు శ్లేష్మమని నేడు వినువారు ముఖము చిట్లింతురు. తొందరపడవలదు. ఇరాను దేశపు అవెస్తా భాషలో కఫ అనగా నురుగనియే అర్థము. సంస్కృతపు కఫము దాని తోబుట్టువు. నేటి పారసీకమున కటిల్‌ఫిష్ ఎముకను కఫె దర్యా అందురు. కఫె దర్యా, అబ్ధికఫము: మాటకు మాట సరిపోవుచున్నవి. అరబ్బీలో జబద్ అల్‌బహర్, ఉర్దూలో సమందర్ ఝాగ్, తమిళమున కడల్ నురై. అన్నిటికిని అర్థము సముద్రపు నురుగే. ఆసియా దక్షిణ పశ్చిమ భాగములన్నియు ఏకగ్రీవముగ దీనిని నురుగనినవి.

కారణమును ఊహించుట కష్టము కాదు. ఆడుజంతువులు గ్రుడ్లు పెట్టిన పిమ్మట మరణించును. మెత్తని దేహము కుళ్లియో, చేపల పాలయ్యో పోవును. ఎముక తేలిక గనుక తేలుచు వచ్చి, అలల నురుగుతోకూడ ఇసుకపై చేరును. నురుగు ఇంకిపోవును, తెల్లని పలక మిగులును. జంతువును చూడనివాడు అది గట్టిపడిన నురుగు గాక మరేమని అనుకొనగలడు? తీరమునకు దూరముగా, అంగడిలో పొట్లము కట్టించుకొను వైద్యునికి ఆ జంతువు దర్శనమగు అవకాశమే లేదు. సుశ్రుతసంహిత కంటిపూవువంటి నేత్రరోగములకు శంఖము మొదలగువానితోపాటు సముద్రఫేనమును చెప్పినది. గరుకైన పదార్థముతో పొరను గీచి తొలగించుట ఆ చికిత్సలోని భావము. చెవిలో చీము కారుటకు దీని పొడిని వాడుటయు కలదు. ఇవి చరిత్రగా చెప్పుచున్నవే గాని ఇంట ప్రయత్నింపదగినవి కావని వేరుగ చెప్పవలెనా?

పేరులో నురుగు మాత్రమే మిగిలి జంతువు మరుగుపడినందువలన ఒక చిక్కు వచ్చినది. మందు విషయమున ఇది వట్టి మాటల తగవు కాదు. క్రీస్తుశకము 1వ శతాబ్దమున గ్రీకు వైద్యుడు డయాస్కొరిడీస్ అల్కియోనియాన్ అను పేర అయిదు విధములైన సముద్ర పదార్థములను వర్ణించెను. కటిల్‌ఫిష్ ఎముకను ఆయన వేరుగనే ఎరుగును. కాని అరబ్బీలోనికి వచ్చునప్పటికి ఆ అల్కియోనియాన్‌నకు కూడ సముద్రపు నురుగు అనియే పేరు పడినది. ఒకే పేరు క్రింద ఎముకయు, స్పంజు పవడములవంటి వస్తువులును కలిసిపోయినవి. గ్రంథము చూచి మందు నూరువాడు ఏది నూరవలెను? జర్మనులు మరియొక వస్తువును మేర్‌షౌమ్ అనిరి. దానికిని అర్థము సముద్రపు నురుగే. కాని అది తుర్కీదేశమున నేలనుండి త్రవ్వి పొగగొట్టములు చెక్కుకొను తెల్లని మెత్తని ఖనిజము. 1847లో గ్లోకర్ అను ఖనిజశాస్త్రజ్ఞుడు దానికి శాస్త్రీయమైన పేరు పెట్టబూని, కటిల్‌ఫిష్ ఎముకను పోలియున్నదని సెపియొలైట్ అనెను. నురుగుతో సంబంధము తెంపవలెనని పెట్టిన పేరు మరల నురుగు ఇంటికే చేరినది!

ఎముకకు మందుకంటె నమ్మకమైన ఉపయోగములు ఇతరవృత్తులలో నుండెను. వేడికి పగులని మెత్తని వస్తువగుటచే కంసాలులు దానిని రెండుగా చీల్చి, నడుమ నమూనా నొక్కి, ఆ గుంటలో కరిగిన వెండి బంగారములను పోసి ఉంగరములు తీయుదురు. యూరపు లేఖకులు తోలుకాగితముపై సిరా అలుముకొనకుండ దీని పొడిని చల్లెడివారు. 1758లో స్వీడను శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఈ జంతువునకు సేపియా అఫిసినాలిస్ అని నామకరణము చేసెను. అఫిసినాలిస్ అనగా మందులకొట్టుది అని అర్థము. మన అల్లమునకు జింజిబర్ అఫిసినేల్ అను పేరు వచ్చినదియు ఈ అర్థముననే. ఆ విధముగ శాస్త్రనామములో గ్రీకుల జంతువును పచారి కొట్టును కలిసి కూర్చున్నవి.

జంతువునకు ఆ ఎముక దేనికి? ఇది తేలినది 1961లో. ఇంగ్లండులోని ప్లిమత్ ప్రయోగశాలలో డెంటన్, గిల్పిన్-బ్రౌన్ అను శాస్త్రజ్ఞులు దానిని పరీక్షించిరి. ఎముకలో పలుచని గోడలతో వేరుచేయబడిన అరలు వరుసగా నుండును. కొన్నింట ద్రవమును, కొన్నింట వాయువును ఉండును. జంతువు అరలలోని ద్రవమునుండి లవణములను లాగివేయగా నీరును వెంబడించి పోవును, ఎముక తేలికయగును. రాత్రి వేటకు లేచునపుడు తేలికపడి, పగలు ఇసుకలో దాగునపుడు బరువగును. నురుగు అనగా గాలిబుడగల గుంపే గదా. ఆ విషయమున మన పూర్వులు పెట్టిన పేరు, వారు తలపని దారిన, కొంత సత్యమునకు దగ్గరగా పోయినది.

ఈ అరల గుల్లగల కులము చాల పురాతనమైనది. మన యిండ్లలో పూజలందుకొను సాలగ్రామములు ఈ కులమునకు చెందిన ప్రాచీన జీవుల శిలాజములే. నేపాలులోని గండకీనదిలో దొరకును. వానిని అమ్మొనైట్లు అందురు. సాలగ్రామమున చక్రమని మనము దర్శించునది చుట్టలు తిరిగిన గుల్ల. అందు అరల గోడలును స్పష్టముగ కనబడును. హిమాలయముల స్థానమున ఒకప్పుడు సముద్రముండెననుటకు అవి సాక్ష్యములు. పంజరములోని తెల్లపలకయు పూజామందిరములోని నల్లరాయియు ఒకే వంశవృక్షపు దూరపు కొమ్మలు.

మన తీరమున వలలకు చిక్కు కటిల్‌ఫిష్‌లలో పెద్దది సేపియా ఫారోనిస్. ఎర్రసముద్ర ప్రాంతమున సంచరించిన జర్మను శాస్త్రజ్ఞుడు ఎరెన్‌బర్గ్ 1831లో ఐగుప్తుదేశపు ఫారో చక్రవర్తుల పేర దీనిని పిలిచెను. ఐగుప్తు రాజుల పేరుగల ఈ జంతువు విశాఖపట్టణపు రేవులో బుట్టలకెత్తబడి, శుభ్రపరచబడి, మంచుగడ్డలలో విదేశములకు పోవుచున్నది. ఎగుమతి శాలలో ఒక్కొక్కదానిని చీల్చి మొదట పలకను లాగుదురు. పిమ్మట సిరాతిత్తి పగిలి మాంసము నల్లబడకుండ మెల్లగా తీసివేయుదురు. మిగిలిన తెల్లని సంచియే పెట్టెకెక్కును.